ఫైన్‌మన్ చిత్రములు – వానిని గీయు కంప్యూటరు సాధనములు

సూక్ష్మకణములను గూర్చిన భౌతికశాస్త్ర పత్రము నేదైనను తెరచి చూచినచో, సమీకరణముల నడుమ కొన్ని చిన్న గీతల బొమ్మలు కనబడును. రెండు తిన్నని గీతలు ఎడమనుండి వచ్చి, నడుమనొక అలలగీతతో కలసి, మరల రెండుగా విడిపోవుచుండును. ఒకచోట గీతపై బాణపుగుర్తు ఉండును. మరియొకచోట గీత తీగచుట్టవలె మెలికలు తిరుగును. శాస్త్రము చదువనివారికి ఇవి పిల్లల ఆటగీతలుగా తోచును. చదివినవారిలో సైతము పలువురు వీనిని కణములు నడచిన త్రోవల పటములని భావింతురు. ఆ రెండు భావములును సరియైనవి కావు. వీనికి ఫైన్‌మన్ చిత్రములని పేరు. ఇవి బొమ్మకంటె వ్రాతకు దగ్గరివి. ఒక్కొక్క గీత ఒక్కొక్క పదము. గీతలు కలియు బిందువు ఆ పదములను కూర్చు సంధి. చిత్రమంతయు కలసి ఒక వాక్యము.

ఈ వ్రాతను కంప్యూటరుచే గీయించుటకు 1990 మొదలుకొని పెక్కు సాఫ్ట్‌వేరులు వెలువడినవి. వానిలో కొన్ని చిత్రమును బొమ్మగా చూచినవి, కొన్ని వ్రాతగా చూచినవి. ఈ భేదము పైకి చిన్నదిగా కనబడును గాని, విద్యార్థి విషయమున చిన్నది కాదు. అతడు ఏ సాధనమును చేతపట్టునో ఆ సాధనము చూపుతోనే చిత్రమును చూచుటకు అలవాటుపడును.

మొదట ఈ చిత్రముల పుట్టుకను కొంత తెలిసికొనవలెను. 1948వ సంవత్సరపు వసంతమున అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమందు పోకొనో కొండలలో ప్రముఖ భౌతికశాస్త్రజ్ఞుల సమావేశ మొకటి జరిగెను. ఎలక్ట్రానులును కాంతియు ఒకదానిపై నొకటి ఎట్లు ప్రవర్తించునో లెక్కించు శాస్త్రమునకు క్వాంటం విద్యుద్గతిశాస్త్రమని పేరు. అప్పటికి ఆ శాస్త్రము చిక్కులలో నుండెను. లెక్కను కొంచెము సూక్ష్మముగ పొడిగింపబోయినచో ఫలితము అనంతమగుచుండెను. జూలియన్ ష్వింగర్ ఆ చిక్కును విడదీయు తన పద్ధతిని సమీకరణములతో సుదీర్ఘముగ వివరించెను. పిదప రిచర్డ్ ఫైన్‌మన్ అదే పనిని తన గీతలతో చెప్పబోగా సభకు అది పట్టుబడలేదు. నీల్స్ బోర్ మహాశయుడు అడ్డుపడి, ఎలక్ట్రానునకు నిర్దిష్టమైన త్రోవ కలదనుట క్వాంటం సిద్ధాంతమునకే విరుద్ధమని ఆక్షేపించెను. బోర్ అంతటివాడు కూడ ఆ గీతలను త్రోవలుగా చదివెను. కావున నేటి విద్యార్థి అట్లు చదివినచో వింత యేమియు లేదు.

ఫైన్‌మన్ పద్ధతియు, ష్వింగర్ పద్ధతియు, జపానుదేశమున షినిచిరో తోమొనాగా స్వతంత్రముగ కనుగొనిన పద్ధతియు ఒకే ఫలితము నిచ్చునని ఫ్రీమన్ డైసన్ 1949 ఫిబ్రవరిలో వెలువడిన పత్రమున నిరూపించెను. ఫైన్‌మన్ స్వయముగ తన చిత్రములతో వ్రాసిన పత్రము అదే సంవత్సరము సెప్టెంబరులో గాని అచ్చుకాలేదు. అనగా మూలమునకు ముందే వ్యాఖ్యానము వెలువడినదన్నమాట! తోమొనాగా, ష్వింగర్, ఫైన్‌మన్ మువ్వురకును 1965లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ విద్య పుస్తకములవలన కంటె మనుష్యులవలననే ఎక్కువగ వ్యాపించెనని డేవిడ్ కైజర్ అను శాస్త్రచరిత్రకారుడు 2005లో ప్రకటించిన గ్రంథమున సవిస్తరముగ చూపెను. డైసన్‌తో కలసి ప్రిన్స్‌టన్‌లో పనిచేసిన యువకులు తాము చేరిన విశ్వవిద్యాలయములకు ఈ గీతలను గొనిపోయిరి. గురుముఖమున నేర్చిన విద్యవలె, ఊరూరను గీతల తీరులో కొంత భేదము కూడ ఏర్పడెను. దక్షిణదేశమునకు సంబంధించిన ముచ్చట యొకటి ఇచట చెప్పదగియున్నది. నెల్లూరు జిల్లా పూదూరున జన్మించి, రాజ్యాంగ రచనాసంఘమున సభ్యుడై ప్రసిద్ధికెక్కిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారి కుమారుడు అల్లాడి రామకృష్ణన్ 1957–58లో ప్రిన్స్‌టన్ సంస్థ యందుండి, మద్రాసునకు తిరిగివచ్చి, తమ స్వగృహమైన ఏకామ్రనివాసమున యువకులకు సైద్ధాంతిక భౌతికశాస్త్ర గోష్ఠులు నడపెను. 1960లో ఆ గోష్ఠిని చూచి మెచ్చుకొనినవాడు పోకొనోలో ఆక్షేపించిన ఆ నీల్స్ బోరే. ఆ గోష్ఠినుండియే 1962 జనవరి 3వ తేదీన మద్రాసు గణితశాస్త్ర సంస్థ అవతరించెను. ఫైన్‌మన్ గీతకు వెనుకనున్న గణితపదమును విడదీసి పరిశీలించుట అచటి తొలి పరిశోధనలలో నొకటి.

ఇక ఈ వ్రాతకు గల వ్యాకరణ మెట్టిదో చూడవలెను. ఎలక్ట్రానునకు గుర్తు బాణముగల తిన్నని గీత. కాంతికణమైన ఫోటానునకు గుర్తు అలలగీత. ఫోటాను తనకు తానే ప్రతికణము గనుక దానికి బాణము లేదు. ఒక ఎలక్ట్రాను ఒక ఫోటానును వెలువరించుటయో గ్రహించుటయో జరిగినచోట మూడు గీతలు ఒక బిందువున కలియును. ఆ బిందువునకు శీర్షమని పేరు. శీర్షమున ఒక బాణము లోనికి రావలెను, ఒక బాణము వెలుపలికి పోవలెను, ఒక అలలగీత తగులుకొనియుండవలెను. విద్యుద్గతిశాస్త్రమున నియమ మింతే. రెండవ నియమము లేదు. ఇదే శీర్షమును ప్రక్కకు త్రిప్పిన యెడల, ఎలక్ట్రానును దాని ప్రతికణమైన పాజిట్రానును కలసి నశించి ఫోటానుగా మారుట యగును. బాణము కాలమునకు ఎదురుగా నడచినచో అది ప్రతికణమని అర్థము.

తెలుగువారికి ఇది తెలియని పద్ధతి కాదు. పద్యపాదమునకు గురులఘువులు గుర్తించి గణవిభజన చేయుట బడిపిల్లలకు సైతము అలవాటు. ఆ గుర్తులు పద్యము కావు. పద్యముయొక్క అర్థమును చెప్పవు. కాని పాదము సరిగా నడచినదో, ఎచట కుంటుపడినదో అవి వెంటనే చెప్పును. ఫైన్‌మన్ చిత్రము అట్టిదే. శీర్షమున గీతలు నియమముననుసరించి కలసినచో ఆ చిత్రము చెల్లును. కలియనిచో ఎంత అందముగ గీసినను చెల్లదు. ఐతే గణవిభజనకు లేని విశేషమొకటి దీనికి కలదు. చిత్రములోని ప్రతిగీతకును ఒక గణితపదము, ప్రతిశీర్షమునకును ఒక గుణకము నియతముగ నున్నవి. వానిని గుణించి కూడినచో ఆ సంఘటన జరుగుటకు గల సంభావ్యతను లెక్కించు సూత్రమే లభించును. రెండు ఎలక్ట్రానులు ఒకదాని నొకటి త్రోసికొనుటకు మొదటి మెట్టున రెండు చిత్రములున్నవి: ఒకటి తిన్నగ, ఒకటి వెలుపలి కొనలను తారుమారు చేసి. రెండింటి విలువలను ఒకదానినుండి మరియొకటి తీసివేయవలెను. ఇట్లు తీసివేయవలసిన చిత్రములను నడచిన త్రోవల పటములని ఎట్లు చెప్పవచ్చును? నడచిన త్రోవ యొకటే యుండును. దానినుండి వేరొక త్రోవను తీసివేయుట యుండదు.

చిత్రమున రెండు శీర్షములు పెరిగినప్పుడెల్ల దాని విలువ సుమారు 137వ వంతు పాళ్లలో తగ్గుచుపోవును. కనుక చిన్న చిత్రములతోనే చాలవరకు పని జరుగును. సూక్ష్మత కావలసినచో పెద్దచిత్రములు గీయక తప్పదు. ఎలక్ట్రానుయొక్క అయస్కాంత భ్రామకమునకు చేయవలసిన సవరణను దీనికి ఉదాహరణగ తీసికొనవచ్చును. మొదటి మెట్టున చిత్రమొక్కటే. ష్వింగర్ 1948లో లెక్కించిన 0.00116 అను విలువ దానిదే. రెండవ మెట్టున 7 చిత్రములు, మూడవ మెట్టున 72, నాల్గవ మెట్టున 891. ఐదవ మెట్టున 12,672! తోయిచిరో కినోషితాయు ఆయన సహచరులును ఐదవ మెట్టు లెక్కను 2012లో ప్రకటించిరి; ఆ చిత్రములకు కావలసిన ప్రోగ్రాములను సైతము ప్రోగ్రాములచేతనే వ్రాయించుకొనిరి. ఈ చిత్రములు లెక్కించు శక్తిని పదిమందికి అందించినవని ష్వింగర్ పిమ్మటి కాలమున వీనిని సిలికాన్ చిప్పుతో పోల్చెను. తాను మాత్రము సమీకరణములనే నమ్ముకొనెను.

అచ్చుమాటకు వచ్చినచో, తొలి దశాబ్దములలో ఈ చిత్రములను సిరాకలముతో గీచి, ఫోటో తీసి, అచ్చుదిమ్మెలు చేయవలసివచ్చెడిది. సమీకరణములదియు అదే అవస్థ. 1977లో డొనాల్డ్ కనూత్ తన గ్రంథము రెండవ సంపుటపు అచ్చుప్రతులను చూచి, వాని వికారమునకు సహింపలేక, తానే అచ్చుకూర్పు ప్రోగ్రామును నిర్మింప బూనెను. అదియే టెక్. దానికి తోడుగ అక్షరముల ఆకృతులను గణితసూత్రములతో వర్ణించు మెటాఫాంట్ అను ప్రోగ్రామును కూడ సృజించెను. 1980 తరువాతి సంవత్సరములలో లెస్లీ లాంపోర్ట్ టెక్‌పై లాటెక్ అను సులభమైన ముఖభాగమును కట్టెను. భౌతికశాస్త్రజ్ఞులు దానిని తమ వ్రాతకు సొంతము చేసికొనిరి. సమీకరణముల కష్టము తీరినది. గీతల కష్టము మిగిలినది.

ఆ కష్టమును తీర్చుటకు మొదట గట్టి ప్రయత్నము చేసినవాడు లెవీన్. 1990లో ఆయన ప్రకటించిన ప్యాకేజీకి ఫైన్‌మన్ పేరే పెట్టెను. నాటి లాటెక్‌కు గీతలు గీయు శక్తి మిక్కిలి తక్కువ. వాలు గీతలను కొన్ని నియతమైన వాలులలోనే గీయగలదు. కనుక ఈ ప్యాకేజీలో గీతలు తూర్పు, ఈశాన్యము, ఉత్తరము, వాయవ్యము ఇత్యాదిగ అష్టదిక్కులకు మాత్రమే పోవును. దిక్పాలకుల అనుమతి లేనిదే ఎలక్ట్రాను కదలదన్నమాట. ఇరుకైనదైనను, నాటికది గొప్ప మేలు.

1994లో హాలెండునకు చెందిన యోస్ వెర్మాసెరెన్ యాక్సోడ్రా అను ప్యాకేజీని ప్రకటించెను. ఇందు గీత ఏ దిక్కుననైనను పోవచ్చును. ముద్రణయంత్రములు గ్రహించు పోస్టుస్క్రిప్టు భాషలోని ఆజ్ఞలను ఇది లాటెక్ ద్వారా సూటిగ పంపును. కాని పనిభారము గీయువానిదే. ప్రతిగీతకును మొదలు, తుద ఎచటనున్నవో నిరూపకములను అంకెలలో ఇయ్యవలెను. అలలగీతకు అల ఎంత ఎత్తు, మొత్తము ఎన్ని అలలు అని కూడ చెప్పవలెను. గ్లువాను అను కణమునకు వాడు చుట్టలగీత విషయమున ఇది మరింత సున్నితము. చుట్టలు సరిపడనిచో గీత శీర్షమును చేరక మధ్యలో తెగినట్లు కనబడును. గళ్లకాగితముపై చిత్తుబొమ్మ గీచుకొని, అంకెలు గుర్తించుకొని, పిదప ఆజ్ఞలు వ్రాయుట వాడుక. యాక్సోడ్రాకు చిత్రము కేవలము జ్యామితి. మూడు అలలగీతలను ఒక బిందువున కలుపుమనినచో మారుమాటాడక కలుపును. విద్యుద్గతిశాస్త్రమున అట్టి శీర్షము లేనేలేదు. ఆ సంగతి యాక్సోడ్రాకు తెలియదు, తెలియవలెనని దానిని కట్టినవారు కోరనూలేదు.

మరుసటి సంవత్సరము, 1995లో, థోర్‌స్టెన్ ఓల్ ప్రకటించిన ఫైన్‌ఎంఎఫ్ అను ప్యాకేజీ ఈ చరిత్రలో ఎక్కువసేపు నిలిచి చూడదగినది. దీనియందు గీయువాడు నిరూపకము లీయనక్కరలేదు. ఎడమ అంచున ఈ రెండు కొనలు, కుడి అంచున ఈ రెండు కొనలు, లోపల రెండు శీర్షములు. మొదటి కొననుండి మొదటి శీర్షమునకు ఎలక్ట్రాను, మొదటి శీర్షమునుండి రెండవ శీర్షమునకు ఫోటాను—ఇట్లు ఏది దేనితో కలియునో మాటలలో చెప్పిన చాలును. శీర్షము లెచట నుండవలెనో ప్రోగ్రామే నిర్ణయించుకొనును. అందుకు అది అనుసరించు పద్ధతి ముచ్చటైనది. వెలుపలి కొనలను అంచులకు మేకులతో దిగగొట్టినట్లును, గీతలన్నియు సాగదీసిన రబ్బరు పట్టీలైనట్లును భావించును. పట్టీలన్నియు ఒకదాని నొకటి లాగుకొని ఎచట నిలకడ చెందునో అచటనే లోపలి శీర్షముల స్థానము. ఒక పట్టీకి బిగువు హెచ్చుచేసినచో ఆ గీత పొట్టిదగును; తగ్గించినచో పొడవగును. గణితమున ఇది గీతల పొడవుల వర్గములను బిగువుతో గుణించి, ఆ మొత్తమును కనిష్ఠము చేయుట. అందుకు కావలసినవి సరళ సమీకరణములే. సరళ సమీకరణములను సాధించుట మెటాఫాంట్‌కు పుట్టుకతో వచ్చిన విద్య గనుక ఓల్ ఆ పనిని దానికే అప్పగించెను.

దీనివలన ఒక వింత జరుగును. మెటాఫాంట్ పుట్టినది అక్షరములను చేయుటకు. దానికి అక్షరము తప్ప వేరొకటి చేయుట రాదు. కనుక పత్రములోని ప్రతి ఫైన్‌మన్ చిత్రమును అది ఒక్కొక్క అక్షరముగ పోతపోయును. పత్రమును లాటెక్ ఒకసారి చదివి చిత్రముల వర్ణనలను వేరొక ఫైలులో వ్రాయును. మెటాఫాంట్ ఆ వర్ణనలనుండి ఒక అక్షరమాలను తయారుచేయును. లాటెక్ మరల పత్రమును చదివి ఆ అక్షరములను వాని వాని చోట్ల కూర్చును. అచ్చైన పుటలో అ, ఆ లు ఎట్టివో, ఎలక్ట్రానుల సంఘట్టన చిత్రము కూడ అట్టిదే. అదియు ఒక లిపిలోని వర్ణమే. చిత్రము బొమ్మకాదు వ్రాతయన్న మాట ఇచట ఉపమానముగ గాక అక్షరాల నిజమైనది. ఇదే ప్యాకేజీకి జాన్ హాబీ నిర్మించిన మెటాపోస్టును వాడుకొను రూపము కూడ కలదు. చుట్టుతిరిగి వచ్చు గీతలు అధికముగ నున్న చిత్రములలో మాత్రము రబ్బరు పట్టీల లెక్క ఒక్కొక్కప్పుడు శీర్షములను ఒకదానిపై నొకటి కుప్పవేయును. అప్పుడు బిగువులను చేతితో సవరించుట కొంత విసుగు పుట్టించు పనియే.

మాటలతో చెప్పుటకంటె చేతితో గీయుట సులభమని తలచువారికొరకు దానియేలే బినోసి, లూకాస్ థైస్ల్ అనువారు 2003లో జాక్సోడ్రాను వెలువరించిరి. జావా భాషలో వ్రాసినది కావున ఇది పలువిధములైన కంప్యూటర్లపై పనిచేయును. యాక్సోడ్రాకు జావా చేర్చుటచేత దానికాపేరు వచ్చినది. తెరపై గళ్ల పలక యుండును. ఒకప్రక్కన ఫెర్మియాను గీత, ఫోటాను గీత, గ్లువాను గీత, విరుపుగీత మొదలగువాని బొత్తాములుండును. బొత్తాము నొక్కి, మౌసుతో మొదలునుండి తుదవరకు లాగినచో గీత పడును. గీత కొన గళ్ల మూలకు తనంతట తాను అతుకుకొనును గనుక గీతలు శీర్షమున సరిగ కలియును. తుదకు చిత్రమును బొమ్మగానైనను, యాక్సోడ్రా ఆజ్ఞలుగానైనను పొందవచ్చును. 2008లో దీని రెండవ రూపము వచ్చెను. ఒకటి రెండు చిత్రములు త్వరగ కావలసినవారికి దీనికంటె సుఖమైన మార్గము అరుదు. ఐనను యాక్సోడ్రాకున్న గ్రుడ్డితనమే దీనికిని వారసత్వముగ సంక్రమించినది. చెల్లని శీర్షమును కూడ ఇది చక్కగ గీచిపెట్టును. పైగా అచ్చులో చక్కగ కనబడు తప్పును పట్టుట చిత్తుకాగితముపై తప్పును పట్టుటకంటె కష్టము. చేతిగీతలో తొట్రుపాటు వ్రాసినవాని సందేహమును బయటపెట్టును. యంత్రపు గీతకు సందేహము లేదు.

జాషువా ఎల్లిస్ 2016లో ప్రకటించిన టిక్జ్-ఫైన్‌మన్ మరల మాటల మార్గమునకే వచ్చెను. దీనికి ఆధారమైన టిక్జ్ అను ప్యాకేజీని నిర్మించినవాడు టిల్ టాంటౌ. ‘టిక్జ్ బొమ్మలు గీయు ప్రోగ్రాము కాదు’ అను అర్థమిచ్చు జర్మను వాక్యములోని మొదటి అక్షరములే దాని పేరు! ఏది దేనితో కలియునో చెప్పినచో, లువా అను చిన్న భాష సహాయమున శీర్షముల స్థానములను ఇది నిర్ణయించును. ఓల్ పద్ధతిలో వలె లాటెక్‌ను, వేరొక ప్రోగ్రామును మార్చి మార్చి నడపవలసిన పని లేదు. ఐతే లువా తెలిసిన లువాటెక్‌తో నడపినప్పుడే ఈ సదుపాయము; పాత రూపములతో నడపినచో స్థానములను చేతితోనే చెప్పుకొనవలెను.

స్థానము యంత్రమునకు వదలివేయుటవలన నష్టమేదైన కలదా? గణితరీత్యా లేదు, ఏది దేనితో కలిసినదన్నదే చిత్రమునకు ప్రాణము, ఎచటనున్నదన్నది కాదు. కాని మనుష్యుల కన్నులు ఆకారమును మరువవు. 1977లో జాన్ ఎల్లిస్ అను శాస్త్రజ్ఞుడు (పై ఎల్లిస్ వేరు) స్నేహితులతో బాణములు విసరు ఆటలో ఓడి, పందెము ప్రకారము తన తరువాతి పత్రమున ‘పెంగ్విన్’ అను మాట వాడవలసివచ్చెను. క్వార్కుల మార్పునకు సంబంధించిన ఒక చిత్రమును కొంచెము సాగదీసి గీచినచో పెంగ్విన్ పక్షివలె నున్నదని కనిపెట్టి పందెము చెల్లించుకొనెను. నేటికిని శాస్త్రమున వానికి పెంగ్విన్ చిత్రములనియే వ్యవహారము. రబ్బరు పట్టీల లెక్కకు ఆ చిత్రము నిచ్చినచో శీర్షములను న్యాయముగ సర్దును గాని, పక్షి మాత్రము ఎగిరిపోవును.

ఇంతవరకు చెప్పినవన్నియు గీయు సాధనములు. ఏయే చిత్రములు గీయవలెనో కనిపెట్టు సాధనములు వేరు. పాలో నొగ్వైరా 1993లో వర్ణించిన క్యూగ్రాఫ్ అట్టిది. లోనికి వచ్చు కణములు, వెలుపలికి పోవు కణములు, శీర్షముల నియమములు ఇచ్చినచో, సాధ్యమైన చిత్రములనన్నిటిని ఏ ఒక్కటియు విడువక చెప్పును. అది బొమ్మ గీయదు, జాబితా వ్రాయును. 12,672 చిత్రములను కన్నులతో చూచువారెవరు? యంత్రము వ్రాసిన జాబితాను యంత్రమే చదివి లెక్కకట్టును. పరిశోధనకు ప్రాణమైన చోట బొమ్మ అదృశ్యమై వ్రాత మాత్రమే మిగులుట గమనింపదగినది.

గీయుటకును నియమమునకును నడుమ నున్న ఈ ఎడమును పూడ్చుటకు రాబర్ట్ హార్లాండర్, స్వెన్ యానిక్ క్లైన్, మాగ్నస్ లిప్ అనువారు 2020లో ఫైన్‌గేమ్ అను ప్రోగ్రామును ప్రకటించిరి. చూచుటకు ఇది జాక్సోడ్రా వంటిదే. తెరపై మౌసుతో గీయుటయే. కాని దీనికి ముందుగ ఒక నమూనాను ఇయ్యవలెను: ఏయే కణములున్నవి, ఏ గీత దేనికి గుర్తు, ఏ గీతలు ఏ గీతలతో కలియవచ్చును అని. తరువాత విద్యార్థి గీసిన చిత్రము ఆ నమూనా నియమములకు లోబడినదో లేదో ఇది పరీక్షించి చెప్పును. మూడు అలలగీతలను కలిపినచో ఇక్కడ చెల్లదు. మూడు గ్లువాను గీతలను కలిపినచో, నమూనాలో గ్లువాను నియమములున్న పక్షమున, చెల్లును. ఏలయన గ్లువానులు ఒకదానితో నొకటి సూటిగ కలియగలవు, ఫోటానులు కలియలేవు. ఈ ఒక్క భేదమును వ్రేళ్లతో గీచి తెలిసికొనిన విద్యార్థి రెండు బలముల స్వభావములోని ముఖ్యభేదమును గ్రహించినట్లే. పేరునకు తగినట్లు ఇందొక ఆట కూడ ఉన్నది: లోనికి వచ్చు కణములను, వెలుపలికి పోవు కణములను చూపి, నడుమ చెల్లుబడియగు చిత్రముతో కలుపుమనును. సమస్యాపూరణమునకు అలవాటుపడిన వారికి ఈ ఆట వేరుగ నేర్పనక్కరలేదు. ఇది చేయలేనిదియు ఒకటి కలదు. చెల్లుబడియగు చిత్రములలో దేనికి ఎంత విలువయో చిత్రమును చూచి చెప్పదు. యతిప్రాసలు కుదిరినంతమాత్రమున పద్యము రసవంతమైనదని ఛందస్సు చెప్పదు గదా.

ఇచట పేర్కొనిన ఈ గీయు సాధనములు ఉచితముగ లభించునవే. వ్యయము కాదు, మన్నికయే ఆలోచింపదగిన విషయము. యాక్సోడ్రా పోస్టుస్క్రిప్టును నమ్ముకొనినది. లోకము నేరుగ పీడీఎఫ్ ఫైలును తయారుచేయు పద్ధతికి మారగానే పాత ఆజ్ఞలు ఆ మార్గమున పనిచేయలేదు. జాన్ కాలిన్స్, వెర్మాసెరెన్ కలసి 2016లో రెండవ రూపమును వెలువరించువరకు చుట్టుదారులు త్రొక్కవలసివచ్చెను. ఐనను పాత చిత్రములు నశింపలేదు. ఆజ్ఞలు అక్షరములలో నుండుటచేత, ప్రోగ్రాము లేకున్నను మనిషి వానిని చదివి తిరిగి గీచుకొనగలడు. జాక్సోడ్రా కూడ చిత్రమును చదువదగిన అక్షరరూపముననే భద్రపరచును. కేవలము బొమ్మగా దాచినది మాత్రము చుక్కల సముదాయమై మిగులును. అందులో ఎలక్ట్రాను ఏదో, ఫోటాను ఏదో దానికి తెలియదు. కావున ఏ సాధనముతో గీసినను, అచ్చునకిచ్చు బొమ్మతోపాటు వర్ణనయున్న మూలఫైలును కూడ భద్రపరచుకొనవలెను.

తెలుగులో విజ్ఞానశాస్త్రము వ్రాయువారికి మిగిలిన ప్రశ్న, ఈ చిత్రములపై తెలుగు నిలుచునా అనునది. గీతలకు భాష లేదు. కణముల గుర్తులైన గ్రీకు, రోమను అక్షరములు లోకమంతట ఒకటే గనుక వానిని మార్చనక్కరలేదు. కాని కణముల పేర్లు, చిత్రము క్రింది వివరణ తెలుగున నుండవలెను. ముద్రణాలయములలో చిరకాలముగ వాడుచున్న యూనికోడుకు చెందని తెలుగు అక్షరములతో కొట్టిన మాటను ఈ ప్రోగ్రాములలో అతికించినచో అర్థములేని గుర్తులు వచ్చును. యూనికోడు తెలుగు నిచ్చినను పాత టెక్‌కు గుణింతములను, వత్తులను కూర్చుట తెలియదు. 2004లో జోనథన్ క్యూ వెలువరించిన జీటెక్‌తో ఈ అడ్డు తొలగెను. లువాటెక్‌లో కూడ హార్ఫ్‌బజ్ అను అక్షరసంయోజన యంత్రాంగమును చేర్చిరి; టెక్ లైవ్ 2020 సంచికనుండి లువా మార్గపు లాటెక్ దానితోనే నడచుచున్నది. టిక్జ్-ఫైన్‌మన్‌కు కావలసినదియు ఈ లువా మార్గమే గనుక, శీర్షములను తానే సర్దుకొను చిత్రమును, దానిపై తెలుగు పేర్లను ఒకే ఫైలున వ్రాయుట నేడు సాధ్యము. ఫాంటు పేరు చెప్పునప్పుడు హార్ఫ్‌బజ్‌ను వాడుమని, లిపి తెలుగని రెండు మాటలు చేర్చుట మరువరాదు. మరచితిమో లేదో తెలిసికొనుటకు వేరుగ పరీక్ష అక్కరలేదు. చిత్రమునకు మొదట వ్రాయు పేరు ‘ఎలక్ట్రాను’. అందులోని ‘క్ట్రా’ మూడు హల్లుల సంయుక్తాక్షరము. అమరిక సరిగ నున్నచో కకారము క్రింద టవత్తును, రకారపు వత్తును చేరి, దీర్ఘముతో ఒకే అక్షరముగ నిలుచును. లేనిచో పొల్లులు తేలి మూడు ముక్కలుగ విడిపోయి కనబడును.